ఐసుపెట్టె బాబాయి కట్టిన రెండు డబ్బాలు

ఆయనకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. హాజరు పట్టీలో తప్ప అది ఎక్కడా కనపడదు. అందరికీ ఆయన ఐసుపెట్టె బాబాయి. ఇరవై రెండేళ్ళు పెద్దాసుపత్రి జీపు తోలాడు. అక్కడి నుంచి కొండ మీది చిన్నాసుపత్రికి రక్తం, టీకాలు, పాముకాటు మందు, ఏది పంపాలన్నా నీలం రంగు ఐసుపెట్టెలో సర్ది, ఆ పెట్టెని పక్క సీట్లో కూర్చోబెట్టి, దానికి కూడా బెల్టు కట్టి తీసుకెళ్ళేవాడు. పేరు అలా వచ్చింది. అంతే తప్ప ఎవరికైనా ఐసు పెట్టే రకం మాత్రం కాదు. ఎదురుగా ఉన్నది ఎంత పెద్ద డాక్టరైనా సరే, తనకి తోచింది మొహం మీదే అనేసేవాడు.

మనిషి బంగారం. కాకపోతే తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నాలుగో కాలు మీరు చేత్తో పట్టుకుని చూపించినా, అది వేరే కుందేలుది అంటాడు.

రెండేళ్ళ కిందట పెద్దాసుపత్రి వెనక ఖాళీ స్థలంలో డ్రోన్ల స్టేషను పెట్టారు. మొదటి వారమంతా బాబాయి కంచె దగ్గర నిలబడి వెటకారం చేశాడు. "అదా? ఆ తూనీగా? గట్టిగా తుమ్మితే ఎగిరిపోయేట్టుంది, అది రక్తం మోస్తుందంటావా!" ఎనిమిదో రోజు మాత్రం నోరు మూసుకుని చేతి గడియారం చూస్తూ నిలబడ్డాడు. తూనీగ వెళ్ళింది, కొండ మీద డబ్బా దింపింది, తిరిగొచ్చింది. మొత్తం గంటా నలభై నిమిషాలు. జీపులో ఆ పాటికి ఆయన మొదటి వాగు కూడా దాటేవాడు కాదు. పోవడానికే నాలుగు గంటల దారి మరి.

ఆ రోజు ఇంటికెళ్ళి అన్నం ముందు అలాగే కూర్చున్నాడు.

"నా నాలుగు గంటల దారి అది యాభై నిమిషాల్లో పోతోందే," అన్నాడు భార్యతో.

"మంచిదేగా. దానికి మొహం వేలాడేసుకుంటావేం?"

"వేలాడెయ్యలేదు. ఆలోచిస్తున్నా."

"అన్నం తిని ఆలోచించు. చల్లారిపోతోంది."

తర్వాత నెల జీపుని షెడ్డులో పెట్టేశారు. బాబాయిని మాత్రం షెడ్డులో పెట్టలేదు. అందుకు కారణం ఆయన అన్న కూతురు. ఆ పిల్ల చిన్నప్పుడు అదే జీపులో ఆయన ఒళ్ళో కూర్చుని స్టీరింగు తిప్పుతూ ఆడింది. ఇప్పుడు డ్రోన్ల స్టేషనుకి ఇన్‌చార్జి. పైవాళ్ళ దగ్గరికి వెళ్ళి, "మా బాబాయి తీసుకెళ్ళిన పెట్టెలో ఇరవై రెండేళ్ళలో ఒక్క సీసా పగల్లేదు. ప్యాకింగు గదికి అంతకన్నా మంచి చెయ్యి దొరకదు, పూచీ నాది," అని చెప్పి ఆయనకి ఆ పని ఇప్పించింది. ఆ మాట బాబాయి చెవిన పడింది. పైకి "నాకెవరి పూచీ అక్కర్లేదు" అన్నాడు గానీ, ఆ వారం ఆయన నడకే మారిపోయింది.

పనిలో చేరాక వెటకారం ఎటు పోయిందో పోయింది. తూనీగ అన్న మాట మాత్రం మిగిలింది, అదీ ముద్దు పేరుగా. నిజం చెప్పాలంటే ఆ యంత్రాన్ని దగ్గర్నుంచి చూసి మెచ్చుకోకుండా ఉండటం ఎవరి తరమూ కాదు. తెల్లటి ఒళ్ళు, లోపలంతా తేలికైన నురగ దిమ్మ. రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకి రెండు మంచాలు పొడుగునా వేసినంత. ఏటవాలు పట్టాల మీద దాన్ని కూర్చోబెట్టి, మెకానిక్ మీట నొక్కితే ఠపీమని ఒక్క చప్పుడు. కనురెప్ప వేసి తీసేలోగా అది కంచె దాటి, నీళ్ళ ట్యాంకు దాటి పోయి ఉంటుంది. కొండ మీది ఆసుపత్రి పెరట్లో సున్నంతో గీసిన గుండ్రటి గీత మీదకి డబ్బాని చిన్న కాగితపు గొడుగుతో వదిలి, తాను మాత్రం నేల మీద కాలు పెట్టకుండానే వెనక్కి తిరుగుతుంది. ఇక్కడికొచ్చాక రెండు స్తంభాల మధ్య కట్టిన తీగకి తోక కొక్కెం తగిలించుకుని వేలాడుతుంది. అలా వేలాడుతున్న దాన్ని దింపేటప్పుడు బాబాయి ప్రతిసారీ దాని ఒంటి మీద ఒకసారి అరచేత్తో తడతాడు. మెకానిక్ నవ్వుతాడు. "గుర్రమా బాబాయ్, అది?" అంటాడు. "నీకు తెలీదులే, ఊరుకో," అంటాడు ఈయన.

ప్యాకింగు గదిలో పని చూడటానికి తేలిక. అట్టడబ్బా, దాని లోపల చలి బయటికి పోకుండా మందపాటి పొర, రక్తం సంచులు, ఐస్‌ప్యాకులు. అసలు సంగతంతా ఆ ఐస్‌ప్యాకుల దగ్గరే ఉంది. డీప్ ఫ్రీజర్లోంచి తీసిన ఐస్‌ప్యాకు రాయిలా ఉంటుంది. అది రక్తానికి ఆనితే ఆ రక్తం కూడా గడ్డకడుతుంది. ఒకసారి గడ్డకట్టిన రక్తం కరిగినా పనికిరాదు, లోపలి కణాలు పగిలిపోయి ఉంటాయి. ఎక్కిస్తే మేలు చేసేది పోయి కీడు చేస్తుంది. అందుకని ఐస్‌ప్యాకుని ముందు బల్ల మీద పడుకోబెట్టాలి. కాసేపయ్యాక చెవి దగ్గర పెట్టుకుని ఊపాలి. లోపల నీళ్ళ చప్పుడు వినపడితేనే డబ్బాలో పెట్టాలి. రెండంటే రెండే. రక్తానికీ దానికీ మధ్య ఒక అట్ట.

శిక్షణ రోజున ఇదంతా అన్న కూతురే చేసి చూపించింది. బాబాయి పగలబడి నవ్వాడు. "ఇరవై రెండేళ్ళు ఐసుతో కాపురం చేసినవాడిని. నాకిప్పుడు గిలక్కాయ ఊపడం నేర్పుతావా అమ్మాయ్?"

"నేర్పుతా. ఊపు," అంది ఆ పిల్ల.

ఊపాడు. రోజూ ఊపుతూనే వచ్చాడు. కానీ మనసులో ఒక మూల తన అభిప్రాయం తనకి ఉండనే ఉంది. ఐసు ఎక్కువైతే మునిగిపోయేదేమీ లేదని, తక్కువైతేనే కొంప మునుగుతుందని. ఆ అభిప్రాయం ఊరికే పుట్టింది కాదు. దాని వెనక ఒక వాగు ఉంది, ఒక సాయంత్రం ఉంది. అక్కడికి కాసేపట్లో వస్తాను.

ఆ రోజు పదకొండు దాటాక కొండ మీది నుంచి ఫోను వచ్చింది. చేసింది సిస్టరమ్మ. అక్కడ పాతికేళ్ళుగా ఉన్న పెద్ద నర్సు. అన్న కూతురు స్పీకరు నొక్కింది.

"రెండో కానుపమ్మా. బిడ్డ బాగానే ఉంది, ఆడపిల్ల. తల్లికే రక్తం ఆగటం లేదు. ఓ నెగెటివ్. మా దగ్గరున్న ఒక్క సంచీ ఎక్కిస్తున్నాం. ఇంకో రెండు కావాలి. తొందరగా."

సిస్టరమ్మ ఎప్పుడూ తొందర అనదు. ఆవిడ నోట ఆ మాట బాబాయి విన్నది ఇది రెండోసారి. మొదటిసారి విన్నది పదహారేళ్ళ కిందట. అంతే, ఆయన చెవుల్లో వాగు హోరు మొదలైంది.

రక్తనిధి కిటికీలోంచి నాలుగు నిమిషాల్లో రెండు సంచులు వచ్చాయి. బల్ల వైపు చూశాడు. పొద్దున్నే ఊపి సిద్ధం చేసిన ఐస్‌ప్యాకులు తొమ్మిది గంటల టీకాల డబ్బాలో వెళ్ళిపోయాయి. తర్వాత బల్ల మీద పెట్టినవి ఇంకా రాళ్ళలాగే ఉన్నాయి. ఇలాంటప్పుడు ఏం చేయాలో కూడా నేర్పించే ఉన్నారు. ఫ్రిజ్ కింది అరలో మెత్తటి జెల్ ప్యాకులు ఎప్పుడూ ఉంటాయి. గడ్డకట్టవు, చల్లగా మాత్రం ఉంటాయి. అవి పెట్టాలి. ఆ సంగతి బాబాయికి తెలుసు. నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

కానీ చేతులకి వేరే జ్ఞాపకం ఉంది. మెత్తగా, చల్లగా ఉన్న ఆ జెల్ ప్యాకుల్ని వేలితో నొక్కి చూశాడు. ఇదేం చలి, ఇది ఏ మూలకి అనుకున్నాడు. డీప్ ఫ్రీజరు తలుపు తీసి అయిదు రాతి ఐస్‌ప్యాకులు తెచ్చాడు. కింద రెండు, పైన రెండు. మూత పడలేదు. మధ్యలో అట్ట తీసి బల్ల మీద పెట్టాడు. ఇప్పుడు మూత పడింది. తూకం చూశాడు, ఉండవలసిన బరువుకి లోబడే ఉంది. పట్టీ అంటించి, డబ్బాని రెండు చేతులా పట్టుకుని మెకానిక్‌కి అందించాడు. పదకొండూ ఇరవైకి ఠపీమని చప్పుడు వినపడింది.

బాబాయి కంచె దగ్గర నిలబడి, తూనీగ చుక్కంత అయ్యేదాకా చూశాడు. ఈసారి ఐసు కరగదు, ఎవరు కరిగిస్తారో చూస్తాను అనుకున్నాడు. గుండె మీద బరువు దిగినట్టయింది. టీ పెట్టుకుందామని లోపలికి వచ్చాడు.

ఆ గదిలో ఫ్రిజ్ మందులకి మాత్రమే. పాల ప్యాకెట్టు పెడితే అన్న కూతురు ఒప్పుకోదు. అందుకని రోజూ పాల ప్యాకెట్టుని బల్ల మీద, చప్పుడు కోసం ఎదురుచూస్తున్న ఐస్‌ప్యాకుల పక్కన ఆనించి ఉంచుతాడు. ఇవాళ హడావుడిలో డబ్బా కడుతూ, ఫ్రీజర్లోంచి తెచ్చిన అయిదో ఐస్‌ప్యాకు అందులో పట్టక, దాన్ని పాల ప్యాకెట్టు మీద పడేశాడు. ఇప్పుడు పాల కోసం చెయ్యి పెడితే రెండూ కలిసి పైకి లేచాయి. లాగాడు. రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగితే ప్యాకెట్టు ఊడివచ్చింది. ఒక పక్క పాలు కదులుతున్నాయి. రెండో పక్క వేలితో కొడితే టక్కుమంది.

పట్టుమని పావుగంట కాలేదు.

బాబాయి పాల ప్యాకెట్టు వైపు చూశాడు. దాని పక్కన బల్ల మీద ఉండిపోయిన అట్ట వైపు చూశాడు. అయిదో ఐస్‌ప్యాకుని తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. ఏ చప్పుడూ లేదు.

అబద్ధం ఎందుకు, ఆ నిమిషంలో ఆయనకి పాడు ఆలోచన కూడా వచ్చింది. ఏమీ కాకపోవచ్చు కదా అనిపించింది. పాలు వేరు, రక్తం వేరు అనిపించింది. చెబితే ఉద్యోగం సంగతి అలా ఉంచు, పూచీ ఇచ్చిన పిల్ల మొహం ఎక్కడ పెట్టుకుంటుంది? "మా బాబాయి" అని చెప్పుకున్నందుకు ఆ పిల్లకి తగిన శాస్తి చేశావురా అనుకున్నాడు. ఇలా పాల ప్యాకెట్టు చేత్తో పట్టుకుని, గుమ్మంలో ఒక కాలు, గదిలో ఒక కాలు పెట్టి నిలబడ్డాడు. ఎంతసేపో కాదు. గోడ గడియారంలో ముల్లు ఒక గీత నుంచి ఇంకో గీతకి వెళ్ళేదాకా. ఆ తర్వాత అవతలి గదిలోకి నడిచాడు.

అన్న కూతురు తెర ముందు కూర్చుని ఉంది. చెవులకి ఫోను తగిలించుకుని ఉంది.

"అమ్మాయ్. ఆ డబ్బా వాడొద్దని చెప్పు."

"ఏ డబ్బా?"

"ఇప్పుడు వెళ్ళింది. రక్తం. నేను పాడుచేశాను."

ఆ పిల్ల చెవుల మీది ఫోను తీసింది. ఆయన చేతిలో పాల ప్యాకెట్టుని చూసింది.

"ఎన్ని పెట్టావు?"

"నాలుగు."

"ఊపి చూశావా?"

"లేదు. రాళ్ళే."

"మధ్యలో అట్ట?"

"మూత పడలేదని తీసేశా."

తిట్టి ఉంటే బాగుండును. గుటక వేసినంతసేపు కళ్ళు మూసుకుని తెరిచింది. ఆ తర్వాత మెరుపులా కదిలింది. ఒక చేత్తో కొండకి ఫోను. "సిస్టర్, ఇప్పుడొచ్చే డబ్బాని దింపుకోండి గానీ ఎక్కించకండి. ప్యాకింగులో తప్పు జరిగింది, రక్తం గడ్డకట్టి ఉంటుంది. అవును, రెండూ. ఇంకో డబ్బా పంపుతున్నా. పన్నెండూ నలభై లోపు మీ పెరట్లో ఉంటుంది. అప్పటిదాకా ఆపగలరా?" "డాక్టరు గారు కడుపు నొక్కి పట్టిన చెయ్యి తియ్యటం లేదు. ఆపుతాం. పంపు తల్లీ," అంది సిస్టరమ్మ.

రెండో చేత్తో రక్తనిధికి ఫోను. అక్కడి టెక్నీషియన్‌ని అందరూ కళ్ళజోడు మేడం అంటారు. సంచీ ఇవ్వడమంటే ఆవిడకి సొంత ఒంట్లోంచి తీసి ఇచ్చినంత కష్టం. ఓ నెగెటివ్ ఇంకా రెండే ఉన్నాయనీ, అవి మర్నాటి ఆపరేషనుకి పెట్టినవనీ చెప్పింది. అలా చెబుతూనే ఆపరేషను డాక్టరుకి ఇంకో ఫోను కలిపింది. ఆయన చేతులు కడుక్కుంటున్నట్టున్నాడు, కుళాయి చప్పుడు వినపడింది. "రేపటి మనిషి రేపటిదాకా ఆగగలడు. ఇచ్చెయ్యండి," అన్నాడు. కళ్ళజోడు మేడం ఎవరితోనూ పంపకుండా తానే సంచులు పట్టుకుని మెట్లు దిగి పరుగెత్తుకొచ్చింది. ఆవిడ పరుగెత్తగా ఆ ఆసుపత్రిలో ఎవరూ అంతవరకు చూడలేదు.

బయట మెకానిక్‌కి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. రెండో తూనీగని పట్టాల మీదకి ఎక్కించి, నిండుగా చార్జి చేసిన బ్యాటరీ దాని కడుపులోకి నెట్టి, రెక్కలు ఊపి చూస్తున్నాడు.

బాబాయి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కళ్ళజోడు మేడం సంచుల్ని బల్ల మీద పెట్టగానే, తన చేతుల్ని వెనక్కి కట్టుకున్నాడు. ఇంక ఈ చేతులు డబ్బా ముట్టకూడదు అనుకున్నాడేమో.

"కట్టు బాబాయ్," అంది అన్న కూతురు.

"నేనా? వద్దమ్మా. నువ్వు కట్టు. చేతులు వణుకుతున్నాయి."

"వణికే చేతులైతే ఒళ్ళు దగ్గర పెట్టుకుని కడతాయి. నీకన్నా వేగంగా కట్టేవాళ్ళు ఇక్కడ ఎవరూ లేరు. ఒక్కో పనీ పైకి చెబుతూ కట్టు, నేను వింటా."

ఆయన ముందుకొచ్చాడు. "జెల్ ప్యాకులు. ఫ్రిజ్ కింది అర. రెండు," అన్నాడు. "కింద ఒకటి. దాని మీద అట్ట. సంచీ. సంచీ. మళ్ళీ అట్ట. పైన ఒకటి. వేడి కొలిచే చీటీ. మూత." తూకం చూశాడు. పట్టీ అంటించాడు. మెకానిక్ చేతికి ఇచ్చేటప్పుడు డబ్బాని వెంటనే వదల్లేకపోయాడు. మెకానిక్ మెల్లిగా లాక్కోవలసి వచ్చింది.

పదకొండూ నలభై ఎనిమిదికి ఠపీమంది. పాల ప్యాకెట్టు గుమ్మంలోకి వచ్చిన దగ్గర్నుంచి రెండో తూనీగ లేచేదాకా పన్నెండు నిమిషాలు. ఇలా రాయడం తేలిక. ఆ పన్నెండు నిమిషాల్లో ఎంతమంది ఎన్ని గదుల్లో తమ పనులు వదిలి, ఒక్క ప్రశ్న అదనంగా అడక్కుండా తమ వంతు చేశారో తలుచుకుంటే, మనుషుల మీద నాకు మళ్ళీ నమ్మకం కలుగుతుంది. కోపం తెచ్చుకోవడానికి అందరికీ హక్కుంది. ఎవరూ ఆ పని ముందు పెట్టుకోలేదు.

ఇక చేయడానికి ఏమీ లేదు. అన్న కూతురు తన పక్కన కుర్చీ లాగింది. బాబాయి కూర్చున్నాడు.

తెర మీద పటం. పటం మీద ఆయన దారి మెలికలు తిరుగుతూ కొండెక్కుతోంది. దాని మీదుగా, దాన్ని లెక్కచేయకుండా, ఒక పచ్చటి చుక్క తిన్నగా పోతోంది. ఆ దారిలో ప్రతి గుంతా ఆయనకి చుట్టమే. ఇదిగో టైరు పేలిన మలుపు. ఇదిగో ఎప్పుడూ మేకలు అడ్డం పడే చోటు. ఆయన అరగంట పాటు గేర్లు మార్చుకుంటూ, ఇంజను వేడెక్కితే ఆగి నీళ్ళు పోసుకుంటూ ఎక్కిన ఎత్తుని చుక్క మూడు నిమిషాల్లో దాటేసింది. కొండల మధ్య సందు దగ్గర ఎదురుగాలి తగిలింది. చుక్క నెమ్మదించింది. పక్కన వేగం చూపించే అంకెలు ఎర్రబడ్డాయి. బాబాయి కుర్చీలో ముందుకి వంగాడు. బల్ల కింద ఆయన కుడికాలు గట్టిగా బ్రేకు నొక్కుతోంది.

"బాబాయ్, అక్కడ బ్రేకు లేదు," అంది అన్న కూతురు తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండా. "గాలి సంగతి దానికి తెలుసు. చూడు."

చూశాడు. తూనీగ కాస్త కిందికి దిగి, కొండ వాలు చాటున ఒదిగి, గాలిని తప్పించుకుంటూ అవతలికి పోయింది. అంకెలు మళ్ళీ తెల్లబడ్డాయి. బుద్ధిమంతుడైన డ్రైవరు చేసే పనే అది. బాబాయికి ఆ సంగతి అర్థమైంది. "బాగా తోలుతుందే," అని గొణిగాడు.

అంతలో మూడో వాగు వచ్చింది.

పదహారేళ్ళ కిందట సిస్టరమ్మ ఫోను చేసి తొందరగా అన్న రోజున బాబాయి ఆ వాగు ఒడ్డున ఆగిపోయాడు. వాగు పొంగింది. జీపుని దింపితే కొట్టుకుపోతుంది. రెండు గంటలా నలభై నిమిషాలు ఒడ్డున నిలబడి, నీళ్ళని తిట్టి, బతిమాలి, పక్క సీట్లో పెట్టె మీద తన చొక్కా తీసి కప్పి, మాటిమాటికీ మూత తెరిచి చూశాడు. తెరిచినకొద్దీ కరిగింది. నీళ్ళు తగ్గాక వెళ్ళేసరికి పెట్టెలో ఐసు లేదు, రక్తం వెచ్చబడింది. దాని కోసం చూస్తున్న మనిషికి దాని అవసరం కూడా అప్పటికి తీరిపోయింది. మెట్ల మీద సిస్టరమ్మ నిలబడి ఉంది. ఆయన చేతుల్లోంచి పెట్టె అందుకుని, "ఇంక తొందర లేదన్నా. టీ తాగు," అంది. ఆయన తాగలేదు. ఆ తర్వాత ఎన్ని వందల సార్లు ఆ కొండ ఎక్కినా, ఆ ఆసుపత్రిలో టీ ముట్టలేదు. పెట్టెలో ఐసు మాత్రం రెట్టింపు పెట్టడం మొదలుపెట్టాడు. జీపు పెట్టెలో అది చెల్లింది. గోడలు మందం, దారి దూరం, లోపల తువ్వాలు చుట్టేవాడు. చిన్న అట్టడబ్బాకి ఆ లెక్క పనికిరాదని ఆయన బుర్రకి తెలుసు. చేతులకే తెలీలేదు.

తెర మీద ఆ వాగు నీలం గీత. చుక్క దాని మీదకి వచ్చింది, అవతలికి పోయింది. ఆరు సెకన్లు పట్టి ఉంటుంది.

బాబాయి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు.

"దాటేసింది," అన్నాడు.

"దాటేసింది బాబాయ్," అంది ఆ పిల్ల. ఆ వాగు కథ ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ ఆయన ముందు ఎత్తరు.

పన్నెండూ ముప్పై ఎనిమిదికి చుక్క సున్నపు గీత మీదకి చేరింది. స్పీకర్లో ఎవరో పరుగెత్తుతున్న చప్పుడు, తలుపు చప్పుడు, సిస్టరమ్మ గొంతు. "వచ్చింది. ఎక్కిస్తున్నాం." ఫోను ఆగిపోయింది.

ఆ తర్వాతి గంట గురించి చెప్పడానికి ఏమీ లేదు. మొదటి తూనీగ తిరిగొచ్చి తీగకి వేలాడింది. రెండోది వచ్చి వేలాడింది. బాబాయి వెళ్ళి రెండింటినీ దింపాడు, కానీ అరచేత్తో తట్టలేదు. దానికి ఇవాళ తనకి అర్హత లేదనుకున్నాడు.

లోపల అన్న కూతురు జరిగింది రాస్తోంది. పైవాళ్ళకి పంపాలి, అది పద్ధతి.

"నా పేరు రాయి," అన్నాడు. "అసలు పేరు."

"రాశా."

"నువ్వు పూచీ ఇచ్చిన సంగతి రాయకు."

"అదీ రాశా. ఒక్కసారి నేర్పించి మళ్ళీ చూసుకోకపోవడం నా తప్పు. తప్పు జరిగిన పావుగంటకే నువ్వే వచ్చి చెప్పావని కూడా రాశా." కలం పక్కన పెట్టింది. "రెండు వారాలు ప్యాకింగు చెయ్యకూడదు నువ్వు. మళ్ళీ శిక్షణకి కూర్చోవాలి. నేనే నేర్పుతా."

"గిలక్కాయ ఊపడం."

"అవును, గిలక్కాయ ఊపడం."

బాబాయి తల ఊపాడు. "ఎవరో చెయ్యి చాపి ఇచ్చిన రక్తం అమ్మాయ్. రెండు సంచులు. ఊరికే పోయింది," అన్నాడు. ఆయన లేచి ప్యాకింగు గదిలోకి వెళ్ళి, ఒక మందపాటి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, ఫ్రీజరు తలుపు మీద అంటించాడు. "నీళ్ళ చప్పుడు వినపడితేనే. రెండే. మధ్యలో అట్ట. ఎంత తొందరైనా." ఆ చివరి మాట కింద రెండు గీతలు గీశాడు.

ఒంటిగంటా నలభైకి ఫోను మోగింది. అన్న కూతురు స్పీకరు నొక్కబోయి, ఆగి, ఫోనుని ఆయన చేతికే ఇచ్చింది.

"అన్నా," అంది సిస్టరమ్మ. అటువైపు ఎక్కడో చిన్న పసిగొంతు ఏడుస్తోంది. "మొదటి డబ్బా తెరిచి చూశానన్నా. ఒక సంచీ మూల పలకలా గడ్డకట్టి ఐస్‌ప్యాకుకి అంటుకుపోయింది. నువ్వు ముందే చెప్పకపోతే నేను ఆ హడావుడిలో చంకలో పెట్టుకుని వెచ్చబెట్టి ఎక్కించేసేదాన్ని. నిజం. నాకు తట్టేది కాదు."

బాబాయి ఫోనుని చెవికి ఇంకా గట్టిగా ఆనించాడు.

"వింటున్నావా?"

"ఊఁ."

"రక్తం ఆగింది. కళ్ళు తెరిచింది. బిడ్డని పక్కన పెట్టమని అడిగింది, పెట్టాను. వాళ్ళ పెద్దపిల్ల గుమ్మంలో నిలబడి చెల్లెల్ని చూసి పెదవి విరుస్తోంది." సిస్టరమ్మ ఆగింది. "ఇంక తొందర లేదన్నా. టీ తాగు."

ఆయన బల్ల అంచు పట్టుకున్నాడు. పదహారేళ్ళుగా ఆ మాట ఆవిడకీ గుర్తుందని ఆయనకి అప్పుడే తెలిసింది.

"పాలు గడ్డకట్టాయి సిస్టరమ్మా," అన్నాడు.

అని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అన్న కూతురు ఆయన చేతిలోంచి ఫోను తీసుకుని, ఆయన భుజం మీద ఒకసారి అరచేత్తో తట్టింది. ఆ తర్వాత లోపలికి వెళ్ళి పాలు లేని టీ పెట్టుకొచ్చింది. కొంచెం చేదుగా ఉంది. ఆయన గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగాడు.